బండల షెడ్డులో టీచరమ్మ ఆదివారాలు

టీచరమ్మ పోయింది. మొన్నటి గురువారం పొద్దున తాండూరు కూరగాయల మార్కెట్టులో వంకాయలు ఏరుకుంటూ, ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయిందట. పక్కనున్నవాళ్లు నీళ్లు తాగించి, ఆటో ఎక్కించి దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది. ఈ మాట నాకు ఫోనులో చెప్పింది, మా బిడ్డలాగే టీచరమ్మ ఆదివారాలకు వచ్చే బషీరాబాద్ ఆటో తమ్ముడు. ధారూర్ దగ్గర మా ఊళ్లో నేను అప్పుడే మందను తోలుకుపోతున్నాను. "పెద్దాయనా, జర కూసుండు, ఒక మాట చెప్త" అన్నాడు. నేను కూర్చోలేదు. అట్లా కూర్చోమని చెప్పేవాళ్ల దగ్గర మంచి మాట ఉండదని నాకు తెలుసు. నిలబడే విన్నాను.

ఆమెది గుండెపోటు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కొద్ది రోజుల్లో నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఏం చేసుకున్నదట?" అని అడిగినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఆమె ఏమీ చేసుకోలేదు. వంకాయలు కొనుక్కుంటోంది. మనసు జబ్బున్న మనిషి చనిపోతే ఆ జబ్బుతోనే పోయి ఉండాలని జనానికి ఎందుకంత పట్టుదలో నాకు అర్థం కాదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. గొర్రెల వెంట నడిచి, ఉన్న చెలకలో కంది వేసుకుని బతికినవాణ్ని. రాత అంతగా రాదు, మాటలు మాత్రం ఎక్కువ. "అన్నా, నీ నోటికి బ్రేకులు లేవు" అనేది టీచరమ్మ. అందుకని ఎక్కడైనా ఎక్కువ చెప్పేస్తే మన్నించండి. ఇంకొక సంగతి. పోయిన మనిషి గురించి రాస్తున్నాను, కళ్లు తడుస్తూనే ఉన్నాయి. అయినా నా లోపల పట్టలేనంత సంతోషం కూడా ఉంది. అవి రెండూ కలిసి నన్ను ఒక్కచోట కూర్చోనివ్వడం లేదు. ఈ కాస్త రాసేలోపు ఎన్నిసార్లు లేచి గొర్రెల దొడ్డి దాకా పోయి వచ్చానో మా ఇంటామెకే తెలుసు.

మేము ఆదివారాలు కలిసే బండల షెడ్డులో మాట్లాడుకున్నది షెడ్డులోనే ఉండాలన్నది టీచరమ్మ పెట్టిన పద్ధతి. కాబట్టి ఇందులో ఎవరి పేరూ ఉండదు. మా బిడ్డ సంగతులు మా బిడ్డ రాయమంటేనే రాస్తున్నాను. "గొర్రెపిల్లల ముచ్చట గూడ రాయి నాయినా, ఏం ఫికర్ లేదు. ఊరంతకు ఎరుకే గద" అంది. ఆటో తమ్ముడు, "నాది గూడ రాయి, కాని నా ఆటో రంగు రాయకు, గుర్తువడ్తరు" అన్నాడు. సరే.

గొర్రెపిల్లల ముచ్చట ఇది. మా బిడ్డ వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నప్పుడు ఒక ఎండాకాలం నిద్ర మానేసింది. నిద్ర పట్టక కాదు, అవసరం లేదంది. ఇల్లంతా సర్దడం, గోడలకు సున్నం కొట్టడం, ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. పిల్ల చురుకైందని మేము మురిసిపోయాం. ఒకనాడు నేను సంతకు పోయి వచ్చేసరికి దొడ్డిలో తల్లులు అరుస్తున్నాయి, పిల్లలు లేవు. మా బిడ్డ ఒక్కో పిల్లను చంకనెత్తుకుని ఇల్లిల్లూ తిరిగి పంచిపెట్టింది. "పెద్దమ్మా, ఇది నీకే. పైసలొద్దు. రేపటి సంది మాకు మస్తు వస్తున్నయ్" అని చెప్పిందట. మళ్లీ నేను అదే ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నాను. చాలామంది నా ముఖం చూడలేక ఇచ్చేశారు. ఒక ముసలమ్మ మాత్రం పిల్లను కొంగు కింద దాచుకుని, "ఆడివిల్ల చేతితోని ఇచ్చింది మళ్ల గుంజుకపోతవా? నీ కండ్లు పోతయ్" అంది. దాన్ని ఆమెకే వదిలేసి వచ్చాను.

ఆ తరువాత వానాకాలమంతా మా బిడ్డ గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్లమ్మ తల దువ్వడానికి కూర్చుంటే మెడ ఇటు తిప్పే ఓపిక కూడా లేదు. మేము దర్గాకు పోయాం, తాయెత్తు కట్టించాం, పక్క ఊళ్లో వేపమండలతో కొట్టేవాడి దగ్గరికీ పోయాం. ఆఖరుకు పట్నంలో ఒక డాక్టరు దీన్ని బైపోలార్ అంటారని చెప్పి గోలీలు రాశాడు. గోలీలు పనిచేశాయి, ఆయనకు దండం. కానీ గోలీ వేసుకున్న మనిషి పొద్దంతా ఏం చేయాలి, ఎవరితో మాట్లాడాలి, పెళ్లిలో ఎవరైనా వెకిలిగా చూస్తే ఎటు పోవాలి, అవి చీటీ మీద రాసి ఇచ్చేవి కావు కదా.

టీచరమ్మను మొదట చూసింది తాండూరులో, దవాఖాన బెంచీ మీద. గంజి పెట్టిన నూలు చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, ఒళ్లో గుడ్డసంచి. హిందీ టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరికో తోడు వచ్చిందనుకున్నాను. ఆమె మా బిడ్డ వైపు వంగి, "నిద్ర వడ్తున్నదా బిడ్డా?" అని అడిగింది.

నేను వెంటనే అందుకున్నాను. "వడ్తదమ్మా, గని పొద్దుగాల లేవదు, లేచినా ఏం తినది..."

ఆమె నా వైపు చూడకుండానే అరచేయి ఎత్తి చూపింది, బడిలో అల్లరి పిల్లలను ఆపినట్టు. "అన్నా, నిన్ను అడుగలే. నువ్వు మంచిగనే పండుకుంటున్నవని నీ గురకనే చెప్పింది. ఇందాక బెంచీ మీద తీసినవ్ గద."

మా బిడ్డ పెదవి కదిలింది. ఎన్ని నెలలైందో అది చూసి. "నిద్ర వడ్తది. కాని లేస్తే మళ్ల అదే దినం" అంది.

"నాకు గూడ గట్లనే ఉంటుండె" అంది టీచరమ్మ. "నాది గూడ గిదే జబ్బు. నీ చేతిలున్న గోలీలే నా సంచిల ఉన్నయ్, సూడు."

అంతమంది ఉన్న వరండాలో, షుగరుందని చెప్పినంత మామూలుగా చెప్పేసింది. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది నేనే.

ఆమె పాత విద్యార్థి ఒకతనికి బండల పాలిషింగు యూనిట్ ఉండేది. అది మూతపడ్డాక షెడ్డు తాళంచెవి టీచరమ్మ చేతిలో పెట్టాడు. రేకుల షెడ్డు. గోడ వారగా అమ్ముడుపోని బండల దొంతులు. వాటి మీదే కూర్చోవడం. ఎండాకాలం చల్లగా హాయిగా ఉంటుంది, చలికాలం మాత్రం కింద గోనెసంచి లేకపోతే వెన్నులోకి ఎక్కుతుంది. ప్రతి ఆదివారం అక్కడికి జబ్బున్నవాళ్లు వచ్చేవారు. మా బిడ్డ లాగా పైకీ కిందికీ పోయేవాళ్లు కొందరు, ఎప్పుడూ కిందికే పోయేవాళ్లు కొందరు. ఒక్కోసారి షెడ్డు నిండేది, ఒక్కోసారి ముగ్గురే. ముగ్గురున్నా టీచరమ్మ అదే గంజి చీర కట్టుకుని వచ్చేది.

మేము ధారూర్‌లో ప్యాసింజరు ఎక్కి పోయేవాళ్లం. మొదటి ఆదివారం నేను బిడ్డ పక్కనే బండ మీద కూర్చున్నాను. "ఇంట్లోవాళ్లు బయట" అంది టీచరమ్మ. "చాయ్ తాగుండ్రి. పిలుస్త, అప్పుడు రాండ్రి."

"ఆమెకు మాట్లాడుడు రాదు టీచరమ్మా. నేనే చెప్పాలె" అన్నాను.

"రాకపోతే ఊకుంటది. ఊకున్నా గూడ ఆమెనే ఊకోవాలె. నువ్వెందుకు?"

చాయ్ దుకాణం ముందు నేను తిరిగిన తిరుగుడుకు ఆ నేలకు దారి పడి ఉంటుంది. మొదటి ఆదివారాలు మా బిడ్డ ఏమీ మాట్లాడలేదట. ఉడకబెట్టిన పల్లికాయలు మాత్రం తిన్నదట. టీచరమ్మ ప్రతిసారీ ఒక గంప పల్లికాయలు తెచ్చి మధ్యలో పెట్టేది. మాట రాని మనిషికి వలుచుకోవడానికి చేతిలో ఏదైనా ఉండాలని ఆమె లెక్క. ఇంకో అలవాటు ఉండేది. ఎవరైనా ఏడుపు మొదలుపెడితే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. "ఇగ నాకు నువ్వు సక్కగ కనవడవు. ఆరామ్‌గ ఏడువు" అనేది. మందు సంగతి ఎవరైనా అడిగితే మాత్రం నోరు విప్పేది కాదు. "అది డాక్టరు సారు పని. ఆయన పని మనం చెయ్యొద్దు, మన పని ఆయన నెత్తిన వెయ్యొద్దు" అనేది.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. మనిషి బాగున్నప్పుడే అందరి ముందు చెప్పుకోవాలి: నాకు జబ్బు పైకెక్కుతుంటే ఇట్లా చేస్తాను, కిందికి గుంజుతుంటే ఇట్లా అయిపోతాను. అప్పుడు ఫలానా మనిషి నాకు ఆ మాట చెప్పాలి. నాకు కోపం వచ్చినా చెప్పాలి. ఆటో తమ్ముడైతే, ఆటోకు కొత్త రంగు వేయిస్తానంటే పైకి పోతున్నట్టు, ఆటో కడగడం మానేస్తే కిందికి పోతున్నట్టు. మా బిడ్డ, "ఉన్నయన్ని పంచిపెడ్తుంటే ఆపుండ్రి. తల దువ్వుకోకపోతే అడుగుండ్రి" అని చెప్పుకుంది.

ఒకసారి ఇంట్లోవాళ్లను లోపలికి పిలిచినప్పుడు టీచరమ్మ నన్ను అడిగింది. "అన్నా, గొర్రెకు బాగలేదని నీకెట్ల ఎరుకైతది?"

"నెమరు ఆగితే ఎరుకైతది టీచరమ్మా. మేత తిన్నట్టే ఉంటది, మందల నడిచినట్టే ఉంటది. గని నెమరు ఆగుతది. కొనేటోనికి తెల్వది, కాపరికి తెలుస్తది."

ఆమె బండ మీద అరచేత్తో చరిచింది. ఆ రోజు నుంచి, ఒకరి గుర్తులు ఇంకొకరు చూసే ఆ మనిషికి 'కాపరి' అని పేరు పడింది. బాగున్నావా అని అడగడం మానేసి, నీ నెమరు ఎట్లుందని అడగడం మొదలైంది. ఆటో తమ్ముడు కన్నడం కలిపి, "నెమరు హ్యాంగైతి పెద్దాయనా?" అనేవాడు. నా నోటి మాట అంతమంది చదువుకున్నవాళ్లు కూడా వాడుతుంటే నేను మురిసిపోయి ఊరంతా చెప్పుకోబోయాను. షెడ్డు మాట షెడ్డులోనే అని మా బిడ్డ చెయ్యి గిచ్చింది.

తన కాపరి ఎవరని టీచరమ్మను అడిగారు. ఆమె షెడ్డంతా చూసి, "గా పొల్ల" అని మా బిడ్డను చూపింది. మా బిడ్డ వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మాలాంటి ఇళ్లల్లోనే జరిగే పని అది. ఒక పొద్దున మా బిడ్డ నాకంటే ముందు లేచి, వాకిలి ఊడ్చి, పాట పాడుతూ ముగ్గు వేస్తోంది. మధ్యాహ్నానికి మిఠాయి పొట్లం తెచ్చి ఎదురింటి పిల్లలకు పంచుతోంది. పంచుతోంది! ఆమె అటు పోగానే గోలీల పట్టీ తీసి వేసుకుందో లేదో చూశాను. దొడ్డి వెనక్కి పోయి టీచరమ్మకు ఫోను చేశాను. "టీచరమ్మా, మళ్ల షురువైంది. నవ్వుతున్నది, పాడుతున్నది, పంచుతున్నది."

"ఫోను బిడ్డకియ్యి" అంది.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ మా బిడ్డ ముందు పకపకా నవ్వింది, తరువాత నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది, ఫోను నా చేతిలో పెట్టింది. అవతల టీచరమ్మ గొంతు బడిగంటలా మోగింది. "అన్నా, మీ బిడ్డకు వికారాబాద్‌ల జిరాక్స్ సెంటర్ల నౌకరి దొరికింది. మిమ్ముల సక్కగ కూసోబెట్టి చెప్దామని మిఠాయి తెచ్చుకున్నది. నువ్వు పోయి గోలీలు ఎంచినవ్. నవ్వితే భయపడ్తవ్, ఏడిస్తే భయపడ్తవ్. మరి ఆమె ఎట్లుండాలె? మన షెడ్డుల బండ లెక్క ఉండాలెనా? తేడా తెల్వకపోతే ఆమెను అడుగు. పట్టీని అడుగుతె ఏం చెప్తది?"

"నేను ఖుషీగ ఉంటే మా నాయినకు జరమొస్తది" అంది మా బిడ్డ వాళ్లమ్మతో. వాళ్లమ్మ లడ్డూ నములుతూ, "మీ నాయిన సంగతి నాకు పెండ్లినాటి సంది ఎరుకే" అంది.

టీచరమ్మను దేవతను చేసి రాస్తే ఆమె ఒప్పుకోదు. ఆమెకూ ఎక్కేది, దిగేది. పోయిన ఏడాది వానల ముందు ఒక ఆదివారం షెడ్డులోకి వస్తూనే నిలబడి మాట్లాడడం మొదలుపెట్టింది. ఈ షెడ్డు కొనేద్దామంది, మేడ కడదామంది, నవాబుపేట నుంచి బషీరాబాద్ దాకా ఊరూరా ఇట్లాంటి ఆదివారం పెడదామంది. ఇంట్లోవాళ్లం కూడా లోపలే ఉన్నాం, మమ్మల్ని బయటికి పంపడం కూడా ఆమెకు గుర్తు లేదు. వినడానికి ఎంత బాగుందంటే నేను చప్పట్లు కూడా కొట్టాను. మా బిడ్డ లేచి నిలబడింది.

"టీచరమ్మా, ఇయ్యాల పల్లికాయలు తేలే."

"పల్లికాయలెందుకే ఇప్పుడు? కూసో!"

"మీరే చెప్పిండ్రు. వేరేటోళ్లను మాట్లాడనియ్యకపోతే నన్ను చెప్పుమన్నరు. ఇయ్యాల ఎవ్వరు నోరు తెరువలే. రాత్రి పండుకున్నరా?"

"నాకు చెప్పేటంతదానివైనవా? గొర్లు కాసేటోని బిడ్డవు..." అని ఆగిపోయింది.

నా చేతులు చప్పట్ల దగ్గరే ఉండిపోయాయి. మా బిడ్డ ముఖం ఎర్రబడింది గానీ కూర్చోలేదు. "అవును, గొర్లు కాసేటోని బిడ్డనే. అందుకే చెప్తున్న. నీ నెమరు ఆగింది టీచరమ్మా."

అప్పటిదాకా మీరు అన్న పిల్ల అప్పుడు నువ్వు అంది. టీచరమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని పిల్లను చూసింది. తరువాత సంచి అందుకుని ఆటో తమ్ముడితో, "నడువ్, డాక్టరు సారు ఇంటికాడ్నే ఉంటడు" అంది. కొన్ని వారాలు రాలేదు. ఆ వారాల్లో మా బిడ్డ పని అయ్యాక తాండూరు పోయి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చేది. తలుపు తీసినా సరే, తీయకపోయినా సరే. తిరిగి వచ్చిన ఆదివారం టీచరమ్మ అందరి ముందూ చెప్పింది. "ఆ దినం నువ్వు చెప్పిన మాటకు మస్తు కోపమొచ్చింది బిడ్డా. ఇంకా జర ఉన్నది. గని నువ్వు చెప్పుడు బంజేస్తే అంతకంటె ఎక్కువొస్తది." నా వైపు తిరిగి, "అన్నా, నిన్ను గూడ అన్న. మాఫ్ చెయ్యి" అంది. "గొర్లు కాసుడు అబద్ధం కాదు గద టీచరమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. ఈసారి ఆ నవ్వుకు నేను భయపడలేదు.

ఆ గురువారం ఫోను పెట్టేశాక నాకు ఏం తోచిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. టీచరమ్మ పోయిందన్న బాధ కంటే ముందు వచ్చిన ఆలోచన ఒక్కటే: ఈ మాట విని నా బిడ్డ నిలబడుతుందా?

మా బిడ్డ అప్పటికే వికారాబాద్‌లో పనిలో ఉంది. మా ఇంటామె గడపలోనే అడ్డం నిలబడింది. "ఫోన్ల చెప్పకు. ఇప్పుడు గూడ చెప్పకు. పొద్దుమూకి ఇంటికొచ్చి ఇంత బువ్వ తిన్నంక చెప్దాం."

"అప్పటికి టీచరమ్మను మట్టిల పెడ్తరు."

"పెట్టనియ్యి. నా బిడ్డ మళ్ల గోడ దిక్కు తిరిగితే నువ్వు లేపుతవా?"

లేపలేనని నాకూ తెలుసు. కానీ ఆఖరి చూపు దాచిపెట్టి, తరువాత ఎన్ని రోజులు ఆమె ముఖం చూడగలను? మందను పక్కింటివాళ్లకు అప్పజెప్పి బస్సెక్కాను. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేకపోయాను. "పెద్దమనిషీ, కూసుంటే టికెట్ ఎక్కువ గాదు" అన్నాడు కండక్టరు.

జిరాక్స్ సెంటరు ముందు కాగితాలు పట్టుకుని జనం. లోపల మా బిడ్డ మిషను మూత ఎత్తుతూ, దించుతూ ఉంది. నన్ను చూసి, "ఏంది నాయినా, ఇటొచ్చినవ్?" అంది.

"ఊకెనే. మందుల దుకాణంల పనుండె."

"నువ్వు ఊకెనే రావు. అవ్వ మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"మరి ఎవరు?"

బ్రేకులు లేని నోటికి ఆ రోజే పడింది బ్రేకు. ఆమె చేతిలో ఎవరిదో ఆధార్ కార్డు. దాన్ని మిషను మీద పెట్టి, మూత దించి, కాపీ వచ్చేదాకా ఆగి, ఆ మనిషికి ఇచ్చి, అప్పుడు బయటికి వచ్చింది.

"టీచరమ్మనా?"

తలూపాను.

"ఎట్ల?"

ఆ ఒక్క మాటలో ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. తన కాపరితనంలో తప్పు జరిగిందా అని అడుగుతోంది. తనకూ రేపు అదే దారా అని అడుగుతోంది. "గుండె, బిడ్డా. మార్కెట్ల. అందరి ముందట. కూరగాయలు కొనుకుంట."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు." అంతటితో ఆగకుండా ఆటో తమ్ముడికి ఫోను కలిపి ఇచ్చాను. అతను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. వంకాయల దగ్గరికి వచ్చేసరికి మా బిడ్డ దుకాణం మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నా ఏడ్చింది. ముక్కు చీదింది, మళ్లీ ఏడ్చింది. నేను పక్కన నిలబడి ఏం చేయాలో తోచక, నాకు కళ్లద్దాలు లేవు కాబట్టి, కళ్లు మూసుకున్నాను.

కాసేపటికి లేచి, యజమానితో చెప్పి వచ్చింది. "ప్యాసింజరుకు టైమున్నది. నువ్వు ఏమన్న తిన్నవా?" అని నన్ను అడిగింది. నన్ను!

తాండూరులో టీచరమ్మ ఇంటి ముందు చుట్టాలంతా ఒకవైపు, మా షెడ్డువాళ్లు కొంత దూరంగా ఇంకోవైపు. టీచరమ్మ తన జబ్బు సంగతి ఎవరి దగ్గరా దాచలేదు, కానీ వీళ్లలో చాలామంది జబ్బు సంగతి వాళ్ల ఇళ్లల్లో తప్ప బయట ఎవరికీ తెలియదు. ఎవరు వీళ్లంటే ఏమని చెప్పుకోవాలి? చుట్టాల్లో ఒక పెద్దామె వచ్చి అడగనే అడిగింది. "మీరు మా వదినెకు ఏమైతరు?" అందరూ నేల చూశారు. మా బిడ్డ కళ్లు తుడుచుకుని, "ఆదివారపోళ్లం" అంది. ఆ పెద్దామె, "మీరేనా! ఆదివారమొస్తె గంజి చీర, పల్లికాయలని ఒకటే లొల్లి పెడ్తుండె" అంటూ మా బిడ్డ చెయ్యి పట్టుకుని ముందుకు, టీచరమ్మ దగ్గరిదాకా తీసుకుపోయింది. మిగతావాళ్లూ ఆ వెనకే నడిచారు.

ఆదివారం దాకా నాకు కాలు నిలవలేదు. మా బిడ్డ లేస్తే చూశాను, తింటే చూశాను, తల దువ్వుకుంటే కిటికీలోంచి చూశాను. ఆమె ఏడ్చింది, తిన్నది, పనికి పోయింది, మళ్లీ ఏడ్చింది, పడుకుంది. "నాయినా, నన్ను సూసుడు బంజెయ్" అంది ఆఖరుకు. "నువ్వు పండుకున్నవా అసలు? మూడు మాటలు ఒక్కసారే మాట్లాడుతున్నవ్." ఆదివారం రైలు దిగేసరికి స్టేషన్ బయట ఆటో తమ్ముడు నన్ను ఎగాదిగా చూసి, "పెద్దాయనకే నెమరు ఆగింది" అన్నాడు. మా బిడ్డ నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు.

తాళంచెవి టీచరమ్మ తమ్ముడు తెచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు. షెడ్డు నిండా జనం. ఎప్పుడో మానేసినవాళ్లు కూడా వచ్చారు. అందరూ బండల మీద సర్దుకున్నారు గానీ ఎవరూ గొంతు విప్పలేదు. ఇట్లాగే లేచి ఎవరిళ్లకు వాళ్లు పోతారు, ఇక షెడ్డు తెరవరు అనుకున్నాను. అప్పుడు మా బిడ్డ లేచింది.

"ఇంట్లోవాళ్లు బయటికి పోవాలె. చాయ్ తాగుండ్రి, పిలుస్త." ఆగి, నన్ను చూసింది. "నాయినా, నువ్వు గూడ."

ఇదీ నా సంతోషం. నా బిడ్డ నన్ను బయటికి పొమ్మంది. నేను పోయాను! చాయ్ దుకాణంలో ఉన్నవాళ్లందరికీ, ఊరివాళ్లకూ, దారిన పోయేవాళ్లకూ చాయ్ పోయించాను. ఎందుకని అడిగితే, "మా బిడ్డ నన్ను ఎల్లగొట్టింది" అన్నాను. దుకాణమతను నన్ను వింతగా చూశాడు. చూడనీ.

అయినా నాలుగు గుక్కలు తాగేసరికి ఉండలేకపోయాను. గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి పోయి, రేకు సందులోంచి చూశాను. మా బిడ్డ గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. అంతలో కరెంటు వచ్చినట్టుంది, పక్క యూనిట్‌లో బండలు కోసే మిషను మొదలైంది. ఆ మోతలో ఇక ఏమీ వినబడదు. లోపల పెదవులు కదులుతున్నాయి. ఎవరో చెయ్యి ఊపి ఏదో చెబుతున్నారు. మా బిడ్డ ఒక్కసారిగా ముఖం రెండు చేతుల్లో దాచుకుంది, భుజాలు ఊగుతున్నాయి. పక్కనున్నవాళ్ల భుజాలూ ఊగుతున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు.

రేకు సందు నుంచి కన్ను తీసేశాను. గోడకు వీపు ఆనించి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. మిషను ఒకటే మోత. దాని కింది నుంచి పాలలాంటి రాతినీళ్లు కాలువ కట్టి, నా చెప్పులను తడుపుతూ, అట్లా పోతూనే ఉన్నాయి.